పరికరానికి ముద్ర ఉన్నా తీగకు వేరే ముద్ర కావాలి
విదేశాలకు వెళ్లే, విదేశాల నుంచి వచ్చే ఎలక్ట్రానిక్ పరికరాల పవర్ కార్డులు, ప్లగ్గుల భద్రతా నిబంధనలపై ప్రత్యేక వ్యాసం

ఎలక్ట్రానిక్ పరికరాల తయారీలోనూ, వ్యాపారంలోనూ అన్నిటికంటే తక్కువ శ్రద్ధకు నోచుకునే భాగం పవర్ కార్డ్. గోడ మీది సాకెట్ నుంచి పరికరం దాకా విద్యుత్తును చేరవేసే తీగ, దానికి ఒక చివర ప్లగ్గు, మరో చివర పరికరంలోకి దూర్చే కనెక్టర్ కలిసి పెట్టెలో ఒక మూల చుట్టచుట్టి ఉంటాయి. ల్యాప్‌టాప్ లోపలి భాగాలు తక్కువ వోల్టేజీపై పనిచేస్తాయి. ఇంటి సరఫరాలోని పూర్తి వోల్టేజీ వినియోగదారుని చేతికి అందేంత దగ్గరకు వచ్చేది ఈ తీగ, ప్లగ్గు, అడాప్టర్ల వద్ద మాత్రమే. అందువల్లనే ప్రధాన దేశాలు పరికరానికి ఒక నిబంధనను, తీగకు, ప్లగ్గుకు వేరొక నిబంధనను విధించుకున్నాయి. పరికరంపై భద్రతా ముద్ర ఉన్నంత మాత్రాన దానితో వచ్చిన తీగ కూడా ఆమోదం పొందినట్లు కాదు. ఎగుమతిదారులతో పాటు గిడ్డంగులను తనిఖీ చేసే అధికారులకు, అగ్నిప్రమాదాల వార్తలు రాసే పాత్రికేయులకు ఉపకరించగలదన్న ఉద్దేశంతో ఈ వివరాలు అందజేయడమైనది.

పెద్ద సంస్థలకూ తప్పని ఉపసంహరణలు

ఈ లోపాలు ఊరూపేరూ లేని చవక సరుకుకే పరిమితమని భావించడానికి వీలులేదు. 2014 ఆగస్టులో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లతో ఇచ్చిన పవర్ కార్డులను అమెరికాలో సుమారు 55,77,000, కెనడాలో సుమారు 4,46,700 వెనక్కి తీసుకోవలసి వచ్చింది. తీగలు వేడెక్కి కరిగినట్లు, మాడినట్లు అప్పటికి అందిన ఫిర్యాదులు 29. అడాప్టర్ వైపు చివర అచ్చు పోసిన ‘ఎల్.ఎస్.-15’ అనే గుర్తే ఆ తీగలకు ఆనవాలు. అదే ఏడాది డిసెంబరులో లెనోవో సంస్థ కూడా ‘ఎల్.ఎస్.-15’ గుర్తున్న తీగలనే ఉపసంహరించుకున్నది. ఒకే రకం విడిభాగం ఇద్దరు పోటీదారుల పెట్టెల్లోకి చేరిందన్న మాట.

2016 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ సర్ఫేస్ ప్రో ట్యాబ్లెట్లకు ఇచ్చిన తీగలను అమెరికాలోనే సుమారు 22.5 లక్షలు వెనక్కి పిలిచింది. వేడెక్కి మంటలు వచ్చినట్లు 56, విద్యుదాఘాతం తగిలినట్లు 5 ఫిర్యాదులు నమోదయ్యాయి. తీగను బిగుతుగా చుట్టడం, మెలితిప్పడం, ఏదైనా వస్తువు కింద నలగడం వల్ల కొంతకాలానికి అది దెబ్బతింటున్నదని తేలింది. అదే ఏడాది జనవరిలో యాపిల్ సంస్థ 2003 నుంచి 2015 వరకు యూరప్, ఆస్ట్రేలియా, దక్షిణ కొరియా, బ్రెజిల్ తదితర దేశాలకు పంపిన రెండు పిన్నుల ప్లగ్ అడాప్టర్లను మార్చి ఇచ్చింది. ప్లగ్గు విరిగి విద్యుత్ భాగం బయటపడిన సంఘటనలు ప్రపంచవ్యాప్తంగా 12. బ్రిటన్, హాంకాంగ్, సింగపూర్ రకం మూడు పిన్నుల అడాప్టర్లకు 2019 ఏప్రిల్‌లో ఇదే పరిస్థితి ఎదురైంది. అక్కడ సంఘటనలు ఆరు మాత్రమే.

సంఘటనల సంఖ్యను, వెనక్కి తీసుకున్న వస్తువుల సంఖ్యను పక్కపక్కన పెట్టి చూడవలసి ఉన్నది. లక్షల్లో ఒకటి కరిగినా మొత్తం సరుకును వెనక్కి పిలవవలసి వస్తున్నది. మిగిలిన తీగల్లో ఏది ఎప్పుడు కరుగుతుందో బయటి నుంచి చూసి చెప్పే మార్గం లేకపోవడమే ఇందుకు కారణం.

తీగ ఎందుకు వేడెక్కుతుంది?

రాగిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు కొంత వేడి పుట్టడం సహజం. 0.75 చదరపు మిల్లీమీటర్ల మందం గల మెత్తని రాగి పోగుల తీగకు అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే గరిష్ఠ నిరోధం కిలోమీటరుకు 26 ఓమ్‌లు. రెండు మీటర్ల పవర్ కార్డ్‌లో విద్యుత్తు పోయి రావడానికి నాలుగు మీటర్ల రాగి ఉంటుంది. అంటే నిరోధం దాదాపు 0.1 ఓమ్. ఇస్త్రీపెట్టె వంటి పరికరం 10 ఆంపియర్లు తీసుకుంటే ఈ తీగ మొత్తంలో పుట్టే వేడి సుమారు 10 వాట్లు. రెండు మీటర్ల పొడవునా అది పరుచుకుని ఉండటం వల్ల చేతికి గోరువెచ్చగా తగులుతుంది తప్ప ప్రమాదం లేదు.

ఇప్పుడు అదే 0.1 ఓమ్ నిరోధం ప్లగ్గు పిన్నుకు, తీగకు మధ్య ఉన్న ఒక్క కలయిక వద్ద అదనంగా ఏర్పడిందనుకుందాం. కొన్ని రాగి పోగులు తెగినా, పిన్నుకు పోగులను బిగించిన చోట పట్టు సడలినా, సాకెట్‌లోని రేకులు వదులైనా ఇది జరుగుతుంది. అప్పుడు మరో 10 వాట్ల వేడి కందిగింజంత చోట పుడుతుంది. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ టంకాన్ని కరిగిస్తుంది. దానిలో సగానికి కొద్దిగా తక్కువ వేడి, గాలి తగలని ప్లాస్టిక్ ముద్ద లోపల, గంటల తరబడి. తీగల తొడుగుకు సాధారణంగా వాడే పి.వి.సి. తట్టుకోవలసినదిగా నిర్దేశించినది 70 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. వేడికి తొడుగు మెత్తబడుతుంది, లోహం తుప్పు పడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి మరింత ఎక్కువవుతుంది.

ల్యాప్‌టాప్ తీగలో ప్రవహించేది సాధారణంగా ఒకటి రెండు ఆంపియర్లకు మించదు. అయినా పైన చెప్పిన తీగలు కరిగాయి. అంత స్వల్ప ప్రవాహానికి రాగి మందం చాలకపోవడం అరుదు. కాబట్టి ఇటువంటి సందర్భాల్లో ముందుగా పరిశీలించవలసినది తీగ నడుమ భాగాన్ని కాదు, దాని రెండు చివరలను. ప్రమాణాలు కూడా తమ పరీక్షల్లో అధిక భాగాన్ని ఈ చివరలకే కేటాయించాయి. గృహోపకరణాల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక కిలో లోపు బరువున్న పరికరం తీగను 30 న్యూటన్ల బలంతో, నాలుగు కిలోల వరకు 60, ఆపైన 100 న్యూటన్ల బలంతో 25 సార్లు లాగి చూస్తారు. తీగ రెండు మిల్లీమీటర్లకు మించి కదలరాదు. ప్లగ్గు పట్టుకుని తీయకుండా తీగ పట్టుకుని లాగే అలవాటు మన దేశానికే ప్రత్యేకం కాదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

‘షార్ట్ సర్క్యూట్’ అనే మాట

అగ్నిప్రమాద వార్తల్లో ‘విద్యుత్ షార్ట్ సర్క్యూట్ కారణంగా’ అన్న వాక్యం దాదాపు స్థిరపడిపోయింది. ప్రాథమిక నివేదికల్లోనూ అదే కనిపిస్తుంది. సాంకేతికంగా షార్ట్ సర్క్యూట్ అంటే ఫేజ్, న్యూట్రల్ తీగలు నేరుగా తగిలి ఒక్కసారిగా వందల ఆంపియర్ల ప్రవాహం రావడం. మీటరు బోర్డులో సరైన ఎం.సి.బి. ఉంటే క్షణంలో సరఫరా ఆగిపోతుంది. వదులు కలయిక దీనికి పూర్తిగా భిన్నమైనది. అక్కడ ప్రవాహం పెరగదు. పరికరం ఎంత తీసుకోవాలో అంతే తీసుకుంటుంది, కొన్నిసార్లు ఇంకా తగ్గుతుంది కూడా. అందువల్ల ఎం.సి.బి. కదలదు. భూమిలోకి విద్యుత్తు లీకైనప్పుడు పనిచేసే ఆర్.సి.సి.బి. కూడా దీనిని గుర్తించదు. ఎందుకంటే అక్కడ లీకు లేదు. తొడుగు కాలి, తీగలు ఒకదానికొకటి తగిలిన తరువాత వచ్చే షార్ట్ సర్క్యూట్ ఫలితమే తప్ప కారణం కాదు.

బోర్డులోని రక్షణ పరికరాలు ఈ లోపాన్ని పట్టుకోలేవు గనుకనే చట్టాలు తీగ అమ్మకానికి ముందే దానిని పరీక్షించాలని నిర్బంధిస్తున్నాయి. వినియోగదారుడు ఇంట్లో ఎంత మంచి వైరింగు చేయించుకున్నా, పెట్టెలో వచ్చిన లోపభూయిష్టమైన ప్లగ్గు నుంచి అది పూర్తి రక్షణ ఇవ్వదు.

దేశానికొక ప్లగ్గు

ప్రపంచమంతటికీ ఒకే ప్లగ్గు ఉండాలన్న ప్రయత్నం జరగకపోలేదు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1986లో ఇందుకోసం ఒక ప్రమాణాన్ని ప్రచురించింది. దక్షిణాఫ్రికా దానిని స్వీకరించింది, బ్రెజిల్ కొన్ని మార్పులతో అనుసరించింది. మిగిలిన దేశాలు కోట్లాది గోడల్లో అప్పటికే అమర్చిన సాకెట్లను మార్చలేక పాత పద్ధతిలోనే ఉండిపోయాయి.

ఈ భేదాలు కేవలం ఆకారానికి సంబంధించినవి కావు. వాటి వెనుక ఇంటి వైరింగు పద్ధతి ఉన్నది. బ్రిటన్ ఉదాహరణ ఇందుకు చక్కనిది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం అక్కడ రాగిని పొదుపు చేయడం కోసం ఇంటి సాకెట్లన్నింటినీ ఒకే వలయంగా కలిపే పద్ధతి వచ్చింది. ఆ వలయానికి బోర్డులో ఉండే రక్షణ 30 ఆంపియర్లు, నేడు 32. చిన్న టేబుల్ ల్యాంపు సన్నని తీగలో లోపం వస్తే 30 ఆంపియర్ల ఫ్యూజు కాలేలోపు తీగే కాలిపోతుంది. అందువల్ల 1947లో వచ్చిన బి.ఎస్. 1363 ప్రమాణం ప్లగ్గులోనే ఒక చిన్న ఫ్యూజును పెట్టింది. అది 3 ఆంపియర్లదా, 13 ఆంపియర్లదా అన్నది తీగను, పరికరాన్ని బట్టి నిర్ణయిస్తారు. ఆ ఫ్యూజు ప్రధానంగా రక్షించేది తీగను. పరికరాన్ని అని చాలామంది పొరబడుతుంటారు. 1994 నాటి ప్లగ్గులు, సాకెట్ల భద్రతా నిబంధనల ప్రకారం గృహావసర పరికరాలను సరైన ఫ్యూజు గల ఆమోదిత ప్లగ్గు అమర్చి మాత్రమే అక్కడ అమ్మాలి. ఫ్యూజు లేని నకిలీ ప్లగ్గులు, ఎర్త్ పిన్నుకు కూడా సగం వరకు ప్లాస్టిక్ తొడుగు వేసిన ప్లగ్గులు అక్కడి అధికారులకు తరచుగా పట్టుబడుతుంటాయి. ఫేజ్, న్యూట్రల్ పిన్నులకు తొడుగు ఉండాలి. ఎర్త్ పిన్నుకు ఉండరాదు. ఉంటే సాకెట్‌లోని ఎర్త్ రేకుకు ఆ పిన్ను తగలకపోవచ్చు.

మన దేశంలోని గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు కూడా బ్రిటన్ నుంచి వచ్చినదే. అది అంతకు ముందరి బి.ఎస్. 546 సంప్రదాయం. బ్రిటన్ దానిని దాదాపుగా విడిచిపెట్టింది, మనం నిలుపుకున్నాము. ఐ.ఎస్. 1293 ప్రమాణం కింద నేడు 6 ఆంపియర్లు, 16 ఆంపియర్ల రెండు పరిమాణాలు ప్రధానంగా వాడుకలో ఉన్నాయి. మన సాకెట్లకు బోర్డు నుంచి విడివిడి సర్క్యూట్లు, వాటికి తగిన ఎం.సి.బి.లు ఉండాలన్నది ఇక్కడి పద్ధతి కనుక ప్లగ్గులో ఫ్యూజు తప్పనిసరి కాలేదు. ఆ పద్ధతి పాటించకుండా 6 ఆంపియర్ల సాకెట్‌ను 32 ఆంపియర్ల ఎం.సి.బి.కి కలిపిన ఇంట్లో తీగకు బ్రిటిష్ రక్షణా ఉండదు, భారతీయ రక్షణా ఉండదు.

ఐరోపా సమాఖ్య విషయంలో ఒక విచిత్రం ఉన్నది. తక్కువ వోల్టేజీ పరికరాలకు సంబంధించిన 2014 నాటి ఐరోపా ఆదేశం 50 నుంచి 1,000 వోల్టుల ఏ.సి. పరికరాలకు ‘సి.ఇ.’ ముద్రను తప్పనిసరి చేసింది. అయితే గృహావసర ప్లగ్గులను, సాకెట్లను ఆ ఆదేశం పరిధి నుంచి స్పష్టంగా మినహాయించింది. ఒక్కో సభ్యదేశంలో ఒక్కో రకం సాకెట్ ఉండటమే కారణం. అందువల్ల ప్లగ్గు భద్రతకు ‘సి.ఇ.’ ముద్ర సాక్ష్యం కాజాలదు. ప్లగ్గుపై జర్మనీకి చెందిన ‘వి.డి.ఇ.’ వంటి పరీక్షా సంస్థల ముద్రలు చూడవలసి ఉంటుంది. ‘సి.ఇ. ఉన్నది, అన్నీ సక్రమమే’ అన్న సరఫరాదారు మాట ఈ ఒక్క భాగానికి మాత్రం వర్తించదు.

అమెరికా సరఫరా 120 వోల్టులు. అక్కడ పవర్ కార్డులకు యు.ఎల్. 817 ప్రమాణం వర్తిస్తుంది. ప్రతి గృహోపకరణానికీ ఈ ధ్రువీకరణ ఉండాలని సమాఖ్య చట్టం నేరుగా చెప్పకపోయినా, పెద్ద దుకాణాలు, బీమా సంస్థలు, స్థానిక విద్యుత్ నియమావళులు దానిని దాదాపు అనివార్యం చేశాయి. ఎక్స్‌టెన్షన్ కార్డుల విషయంలో 2015లో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ మరొక అడుగు ముందుకు వేసింది. కనీస తీగ మందం, చివరల్లో తగిన పట్టు, సరైన ధ్రువత వంటి లక్షణాలు లేని ఎక్స్‌టెన్షన్ కార్డులను గణనీయ ప్రమాదకర వస్తువులుగా ప్రకటించింది. దీనితో ప్రమాదం జరిగేవరకు వేచి ఉండకుండా ఓడరేవులోనే సరుకును ఆపే వీలు కలిగింది.

జపాన్‌లో 2001 నుంచి అమలులో ఉన్న విద్యుత్ పరికరాల భద్రతా చట్టం వస్తువులను రెండుగా విభజించింది. ఎక్కువ ప్రమాదం గలవాటికి వజ్రాకార చట్రంలో, మిగిలిన వాటికి వృత్తంలో ‘పి.ఎస్.ఇ.’ ముద్ర. ల్యాప్‌టాప్ ఈ చట్టం జాబితాలోకి రాదు. దాని అడాప్టర్, తీగ మాత్రం వజ్రాకార ముద్ర పొందవలసినవే. చౌక భాగానికి కఠిన నియమం, ఖరీదైన భాగానికి నియమమే లేకపోవడం మొదట వింతగా తోచినా, ప్రమాదం ఎక్కడున్నదో చట్టానికి స్పష్టంగా తెలుసునని అంగీకరించక తప్పదు. ఆస్ట్రేలియా 2005 నుంచి పిన్నులకు ఇన్సులేషన్ తొడుగును తప్పనిసరి చేసింది. చైనా 2002లో ప్రవేశపెట్టిన ‘సి.సి.సి.’ విధానంలో పవర్ కార్డులు కూడా ఉన్నాయి.

తీగపై రాతలు చదివే విధానం

ఒక పవర్ కార్డ్‌పై ముద్రలు మూడు చోట్ల ఉండాలి. ప్లగ్గుపై, తీగ తొడుగుపై, పరికరం వైపు కనెక్టర్‌పై. వీటిని మూడు వేర్వేరు సంస్థలు తయారు చేసి ఉండవచ్చు, కనుక మూడూ చూడాలి. యూరప్ తీగ తొడుగుపై ‘హెచ్05వివి-ఎఫ్ 3జి0.75’ వంటి రాత ఉంటుంది. హెచ్ అంటే ఐరోపా దేశాల ఉమ్మడి ప్రమాణం; 05 అంటే 300/500 వోల్టులు; రెండు ‘వి’లు లోపలి, బయటి తొడుగులు పి.వి.సి. అని, ఎఫ్ అంటే మెత్తగా వంగేది. 3 లోపలి తీగల సంఖ్య. ‘జి’ ఉంటే వాటిలో ఆకుపచ్చ-పసుపు ఎర్త్ తీగ ఉన్నది. దాని బదులు ‘ఎక్స్’ ఉంటే లేదు. చివరి అంకె చదరపు మిల్లీమీటర్లలో రాగి మందం. మూడు పిన్నుల ప్లగ్గుకు ‘2ఎక్స్’ తీగ తగిలించి ఉంటే మూడవ పిన్ను అలంకారమే.

కంప్యూటర్లకు వాడే సి13 రకం కనెక్టర్‌పై అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. ఉత్తర అమెరికా ధ్రువీకరణ ప్రకారం అదే కనెక్టర్ 15 ఆంపియర్లది. రెండు రాతలూ ఒకేచోట కనిపించినంత మాత్రాన అది నకిలీ కాదు. తీగ పొడవు కూడా లెక్కలోకి వస్తుంది. 10 ఆంపియర్ల కార్డ్‌కు రెండు మీటర్ల వరకు 0.75 చదరపు మిల్లీమీటర్లు సరిపోతుంది; అంతకు మించితే 1 చదరపు మిల్లీమీటరు ఉండాలి. ‘మా దగ్గర మూడు మీటర్లది కూడా ఉంది’ అని చెప్పే వ్యాపారిని మందం గురించి అడగడం సమంజసం.

ముద్రలను ఎవరైనా అచ్చు వేయగలరు. అనుమానం వచ్చినప్పుడు క్షేత్రస్థాయిలో అయస్కాంతం ఉపయోగపడుతుంది. రాగికి గాని, ఇత్తడికి గాని అయస్కాంతం అంటుకోదు. తీగకు లేదా పిన్నుకు అంటుకుంటే రాగి పూత వేసిన ఉక్కు వాడారన్న మాట. రాగి పూత వేసిన అల్యూమినియాన్ని అయస్కాంతం పట్టించదు; పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. దాని నిరోధం అదే మందం గల రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. చేతిలో పట్టుకుంటే అటువంటి తీగ తేలికగా తోస్తుంది. ఇవి ప్రాథమిక పరిశీలనలే. చర్యకు మాత్రం గుర్తింపు పొందిన ప్రయోగశాల నివేదిక అవసరం.

మన తయారీదారులు, మన దిగుమతులు

శ్రీసిటీలో 2015 నుంచి మొబైల్ ఫోన్ల తయారీ జరుగుతున్నది. తిరుపతి పరిసరాల్లో టెలివిజన్లు, హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల, మహేశ్వరం ప్రాంతాల్లో ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు విస్తరించాయి. పెద్ద సంస్థలకు ధ్రువీకరణ విభాగాలు వేరుగా ఉంటాయి. వాటిని చూసి ఎగుమతికి దిగే చిన్న సంస్థలకు ఇబ్బంది ఎదురయ్యేది తీగ దగ్గరే. ఒక దేశంలో చేసిన భద్రతా పరీక్షను ఇతర దేశాలు గుర్తించేందుకు ‘సి.బి.’ అనే అంతర్జాతీయ పథకం ఉన్నది. దాని వల్ల పరికరాన్ని ప్రతి దేశంలోనూ మొదటి నుంచి పరీక్షించనవసరం లేదు. అయితే ప్లగ్గు ఆయా దేశాల జాతీయ భేదాల కిందకు వస్తుంది కాబట్టి గమ్యస్థానాన్ని బట్టి ఆమోదిత తీగను విడిగా సేకరించుకోవాలి. ఆర్డరు పూర్తయిన తరువాత చివరి వారంలో స్థానిక బజారులో తీగలు కొని పెట్టెల్లో వేయడం వల్ల ఆమోదం పొందిన పరికరం కూడా గమ్యస్థానపు రేవులో నిలిచిపోవచ్చు. ఆమోదం పొందిన తీగ నమూనా సంఖ్యను పరికరం పత్రాల్లో నమోదు చేసి, కొనుగోలు విభాగం దానిని మార్చకుండా చూసుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు.

అమ్మకందారు దూరంగా ఉన్నాడన్న సాకు కూడా ఇక చెల్లదు. ఐరోపా సమాఖ్య 2021 జూలై నుంచి ఇటువంటి వస్తువులకు సమాఖ్య భూభాగంలో ఒక బాధ్యుడు ఉండాలని నిర్దేశించింది. 2024 డిసెంబరు 13 నుంచి వర్తించిన సాధారణ ఉత్పత్తుల భద్రతా నిబంధన ఆన్‌లైన్ అమ్మకాల వేదికలపైనా బాధ్యతలు ఉంచింది. అమెరికాలోనైతే ప్రమాదకర లోపం తెలిసిన 24 గంటల్లో తయారీదారు, దిగుమతిదారు, విక్రేత కమిషన్‌కు తెలియజేయవలసి ఉంటుంది.

మన దేశంలోకి వచ్చే సరుకుకూ ఇటువంటి నియమాలే ఉన్నాయి. పి.వి.సి. తీగలకు 2003 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు, ప్లగ్గులు, సాకెట్లకు 2016 నాటి ఉత్తర్వు ప్రకారం భారతీయ ప్రమాణాల సంస్థ లైసెన్సు, ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి. అడాప్టర్లు, ల్యాప్‌టాప్‌లు, టెలివిజన్లు వంటి వాటికి 2012లో వచ్చిన నిర్బంధ నమోదు ఉత్తర్వు, దాని స్థానంలో వచ్చిన 2021 ఉత్తర్వు వర్తిస్తాయి. అంటే ఒకే పెట్టెలో అడాప్టర్‌పై ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య, ప్లగ్గుపై ఐ.ఎస్. 1293తో కూడిన ఐ.ఎస్.ఐ. ముద్ర, లైసెన్సు సంఖ్య వేర్వేరుగా కనిపించాలి. ‘బి.ఐ.ఎస్. కేర్’ అనే మొబైల్ యాప్‌లో ఈ సంఖ్యలను నమోదు చేస్తే లైసెన్సు ఎవరిదో, ఏ వస్తువుకు ఇచ్చినదో, అమలులో ఉన్నదో లేదో తెలుస్తుంది. సంఖ్య నిజమైనదే అయినా అది ఫ్యాన్ల తయారీదారుదని తేలితే ఆ ప్లగ్గుపై ముద్ర చెల్లదు.

సామానుతో పాటు వచ్చే తీగలు

దుకాణం ద్వారా కాక ప్రయాణికుల సామానులో వచ్చే పరికరాలు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు తెచ్చే ఇస్త్రీపెట్టెలు, మిక్సీల వంటి వాటికి తరచుగా బ్రిటిష్ పద్ధతి చదరపు పిన్నుల ప్లగ్గే ఉంటుంది. వోల్టేజీ దాదాపు ఒకటే కనుక పరికరం పనిచేస్తుంది. ఇబ్బంది ప్లగ్గుతోనే. ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, ప్లగ్గు కోసేసి తీగ చివరలను అగ్గిపుల్లలతో సాకెట్‌లో బిగించడం నేటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. అమెరికా నుంచి వచ్చిన వస్తువులకు సమస్య మరొకటి. అడాప్టర్‌పై ‘100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని ఉంటే ఇక్కడ పనిచేస్తుంది. ‘120 వోల్టులు’ అని మాత్రమే ఉంటే 230 వోల్టుల వద్ద కాలిపోతుంది. ప్రయాణికుల కన్వర్టర్ ప్లగ్గు పిన్నుల ఆకారాన్ని మారుస్తుందే తప్ప వోల్టేజీని మార్చదు. అడాప్టర్ సరిపోయినప్పటికీ దాని అమెరికన్ ప్లగ్గుపై 125 వోల్టులు అనే ఉంటుంది కనుక తీగను ఐ.ఎస్.ఐ. ముద్ర గల దానితో మార్చుకోవడం ఉత్తమం.

యూరప్ సన్నపిన్నుల ప్లగ్గుల్లో పిన్ను వ్యాసం 4 మిల్లీమీటర్లు. మన 6 ఆంపియర్ల ప్లగ్గు పిన్నులు 5 మిల్లీమీటర్లకు కొంచెం పైన. ఫోను ఛార్జరు వంటి స్వల్ప ప్రవాహానికి ఈ తేడా వల్ల పెద్ద ప్రమాదం ఉండదు. హెయిర్ డ్రయర్ వంటి దానిని యూరప్ ప్లగ్గుతో వదులుగా తగిలించి వాడితే పైన చెప్పిన కందిగింజంత చోటు అక్కడే తయారవుతుంది.

ప్రమాదస్థలంలో నమోదు చేయవలసినవి

విద్యుత్ పరికరం వల్ల అగ్నిప్రమాదం జరిగిందని భావించినప్పుడు శిథిలాల తొలగింపుకు ముందే ప్లగ్గును, సాకెట్‌ను వెదకి భద్రపరచాలని అధికారులకు సూచించడమైనది. ప్లాస్టిక్ కాలిపోయినా ఇత్తడి పిన్నులు చాలాసార్లు మిగిలే ఉంటాయి. మంట బయటి నుంచి వచ్చి ఉంటే పిన్నులన్నీ దాదాపు ఒకే తీరుగా మసిబారతాయి. ఒక పిన్ను మాత్రమే గుంటలు పడి, రంగు మారి, మిగిలినవి బాగుంటే వేడి అక్కడే పుట్టిందనడానికి అది ముఖ్యమైన ఆధారం. పరికరం పేరుతో పాటు తీగ తొడుగుపై మిగిలిన రాత, ప్లగ్గుపై లైసెన్సు సంఖ్య, ఎం.సి.బి. సామర్థ్యం, ప్రమాదం తరువాత అది ఏ స్థితిలో ఉన్నదన్న వివరాలు కూడా పంచనామాలో ఉండాలి. ఎం.సి.బి. పడిపోకుండా ప్లగ్గు మాత్రమే మాడి ఉంటే ‘షార్ట్ సర్క్యూట్’ అని రాసే ముందు విద్యుత్ తనిఖీ అధికారి అభిప్రాయం తీసుకోవలసి ఉన్నది.

లైసెన్సు సంఖ్య లభించినట్లయితే ఫిర్యాదును ‘బి.ఐ.ఎస్. కేర్’ యాప్ ద్వారా గాని, భారతీయ ప్రమాణాల సంస్థ శాఖా కార్యాలయానికి లిఖితపూర్వకంగా గాని పంపవచ్చు. ఉపసంహరించిన లేదా కాలిన తీగను ఆధారంగా భద్రపరచనవసరం లేనప్పుడు, పాత సామానులో వేసే ముందు దానిని రెండు ముక్కలుగా కత్తిరించాలి. కత్తిరించని తీగ మరమ్మతు దుకాణం మీదుగా మరో ఇంటికి చేరే అవకాశం ఉన్నది.